మాదాపూర్‌లో 6,000 ఎస్‌ఎఫ్‌టీ, 90 మంది టీమ్: మూవబుల్ గోడల కంటే ముందు చూడాల్సినవి

మీ ప్రశ్న చదివానండి. మాదాపూర్ లోపలి రోడ్డులో నాలుగో ఫ్లోర్, అగ్రిమెంట్‌లో 6,000 ఎస్‌ఎఫ్‌టీ, 90 మంది, వారానికి మూడు రోజులు ఆఫీసు, మేనేజ్‌మెంట్ ఏమో అంతా ఓపెన్‌గా ఫ్లెక్సిబుల్‌గా అందరూ కలిసి పనిచేసేలా ఉండాలంటోంది, మరి మూవబుల్ పార్టిషన్లు పెట్టాలా, గ్లాస్ క్యాబిన్లు ఎన్ని, డెస్కులు ఎన్ని అని అడిగారు. నేను హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా ఆఫీస్ ఇంటీరియర్లు చేస్తున్నా, ఎక్కువగా ఇలాంటి మీడియం సైజు ఫ్లోర్లే, కాబట్టి కాస్త వివరంగానే చెప్తా.

ఫ్లెక్సిబుల్ అనగానే అందరికీ చక్రాల టేబుళ్లు, జరిగే గోడలు గుర్తొస్తాయి. కానీ రెండేళ్ల తర్వాత మీ ఆఫీసు మారగలదా లేదా అనేది తేల్చేది సీలింగ్‌లో ఏసీ, లైట్లు, స్ప్రింక్లర్లు ఎలా వేశారు, ఫ్లోర్‌లో కరెంటు ఎలా తీశారు, నీళ్ల లైను ఎక్కడుంది అనేవి. ఇవి సరిగ్గా ఉంటే మామూలు జిప్సమ్ గోడ కూడా ఒక వీకెండ్‌లో తీసి పక్కకి కట్టొచ్చు. ఇవి సరిగ్గా లేకపోతే ఎంత ఖరీదైన మూవబుల్ పార్టిషన్ పెట్టినా కదపలేరు, ఎందుకంటే గోడ జరిపాక అవతలి గదికి ఏసీ ఉండదు, లైటు స్విచ్ ఇంకో గదిలో ఉంటుంది.

ముందు ఏరియా. 6,000 అంటే సూపర్ బిల్టప్, అందులో లిఫ్ట్ లాబీ, మెట్లు, కామన్ టాయిలెట్లు అన్నీ కలిసే ఉంటాయి, ఆ ఏరియా బిల్డింగుల్లో సాధారణంగా 70 శాతం అటూఇటూ కార్పెట్ ఏరియా వస్తుంది, అంటే మీ చేతికొచ్చేది దాదాపు 4,200. కాగితం మీద ఉన్నది పట్టుకుని ప్లాన్ గీయకండి, టేపు పట్టుకెళ్లి కొలవండి, కొలిచేటప్పుడు బీమ్ కింద నుంచి ఫ్లోర్ దాకా ఎంత హైట్ ఉందో కూడా ప్రతి బీమ్ దగ్గరా రాస్కోండి, అది తర్వాత చాలా విషయాల్ని డిసైడ్ చేస్తుంది.

డెస్కుల లెక్క దగ్గర ఎక్కువమంది దెబ్బతింటారు. 90 మంది, ఐదు రోజుల్లో మూడు రోజులు, అంటే రోజుకి 54 అని లెక్కేసి 54 డెస్కులు కొనేస్తారు. అది సగటు మాత్రమే. జనాన్ని వాళ్ల ఇష్టానికి వదిలేస్తే సోమవారం పొద్దున విజయవాడ నుంచో వరంగల్ నుంచో వచ్చేవాళ్లు ఇంటి నుంచే లాగిన్ అవుతారు, శుక్రవారం మధ్యాహ్నానికే బస్టాండ్‌కి వెళ్లేవాళ్లు అసలు రారు, అందరూ మంగళ, బుధ, గురువారాల మీదే పడతారు, ఆ మూడు రోజులూ డెస్కు దొరక్క ప్యాంట్రీలో కూర్చుంటారు, మిగతా రెండు రోజులూ ఫ్లోర్ ఖాళీ. దీనికి నేను చెప్పే పద్ధతి, 90 మందినీ 18 మంది చొప్పున ఐదు గ్రూపులు చేయండి, మొదటి గ్రూపు సోమ మంగళ బుధ, రెండోది మంగళ బుధ గురు, మూడోది బుధ గురు శుక్ర, నాలుగోది గురు శుక్ర సోమ, ఐదోది శుక్ర సోమ మంగళ. ఇలా తిప్పితే ఏ రోజు చూసినా మూడు గ్రూపులే, అంటే సరిగ్గా 54 మందే ఉంటారు, పైగా ఏ రెండు గ్రూపుల్ని తీసుకున్నా వారంలో కనీసం ఒక రోజైనా ఎదురుపడతాయి. రోజూ కలిసి పనిచేసే వాళ్లని ఒకే గ్రూపులో పెట్టండి. పైన ఓ ఆరు డెస్కులు గెస్టులకి, రోజు మార్చుకున్న వాళ్లకి, మొత్తం 60. ఇప్పటికే ఆఫీసు నడుస్తుంటే యాక్సెస్ కార్డు డేటా ఓ రెండు నెలలది తీసి రోజువారీ పీక్ ఎంతో చూడండి, మీటింగులో మేనేజర్లు చెప్పే అంకె కన్నా అదే కరెక్ట్.

90 మందికీ 90 డెస్కులు ఇరికించొచ్చు కదా అని ఎవరైనా అంటే, ఇది చెప్పండి. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016లో ఆఫీసులకి మనిషికి 10 చదరపు మీటర్ల లెక్కన ఎంతమంది ఉంటారో అంచనా వేసి దాన్నిబట్టి మెట్లు, ఎగ్జిట్లు డిజైన్ చేస్తారు. మీ 6,000 ఎస్‌ఎఫ్‌టీ అంటే దాదాపు 557 చదరపు మీటర్లు, అంటే 56 మంది. ఆ లెక్కకి కట్టిన మెట్ల మీద 90 మందిని దింపాలనుకోవడం చాలా ప్రమాదం, నిజంగా అంతమందిని పెట్టాలనుకుంటే బిల్డింగ్ ఎగ్జిట్లు సరిపోతాయని ఫైర్ కన్సల్టెంట్‌తో రాయించుకోవాలి. ఇంకో మాట, రెండో మెట్ల తలుపు ఎదురుగా కార్టన్లు, పాత కుర్చీలు పెట్టడం మన సిటీలో ప్రతి రెండో బిల్డింగులో చూస్తాం, దయచేసి మీ ఫ్లోర్‌లో మాత్రం అది జరగనివ్వకండి.

ఇప్పుడు 4,200 ఎలా పంచుకోవాలో చెప్తా. 1200 బై 600 మిల్లీమీటర్ల టేబుల్ అయితే కుర్చీ, సందు కలిపి సీటుకి 28 ఎస్‌ఎఫ్‌టీ దాకా పడుతుంది, 60 సీట్లకి 1,680. పన్నెండు మంది పట్టే మీటింగ్ రూమ్ ఒకటి 250, నలుగురు పట్టేవి మూడు 270, ఫోన్ బూత్‌లు ఓ ఐదారు వాటి ముందు జాగాతో కలిపి 120, ప్యాంట్రీ, లంచ్ ఏరియా కలిపి 600, రిసెప్షన్ 120, యూపీఎస్, సర్వర్ రాక్‌కి 100, లాకర్లు, స్టోర్‌కి ఇంకో 100. ఇవన్నీ కలిపితే 3,240, మిగిలిన 960 నడవడానికి, కాలమ్‌ల చుట్టూ పోయేదానికి. సరిపోతుంది కానీ ఇంక ఒక్క క్యాబిన్ కూడా ఎక్స్‌ట్రా పట్టదు, అందుకే మీ గ్లాస్ క్యాబిన్ల ప్రశ్నకి నా సమాధానం, ఎవరి పేరు మీదా వద్దు. డైరెక్టర్ ఊళ్లో లేని రోజు ఖాళీగా తాళం వేసి ఉండే 120 ఎస్‌ఎఫ్‌టీకి మీరు నెలనెలా రెంట్ కడతారు. హెచ్‌ఆర్, అకౌంట్స్ వాళ్లకి మాత్రం తలుపున్న గది కావాలి, జీతాల విషయాలు ఓపెన్ హాల్లో మాట్లాడే పరిస్థితి వాళ్లకి రానీయకూడదు, నలుగురి గదుల్లో ఒకటి వాళ్లకిచ్చేయండి.

సర్వీసుల సంగతి ఇప్పుడు, ఇదే అసలైనది. బ్రిటిష్ ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ డఫీ అని ఆఫీసుల మీదే జీవితమంతా పనిచేసిన ఆయన, బిల్డింగ్‌ని పొరలుగా చూడమంటాడు: స్ట్రక్చర్ దశాబ్దాలు ఉంటుంది, ఏసీ, కరెంటు లాంటివి ఓ పదిహేనేళ్లు, పార్టిషన్లు ఐదారేళ్లు, టేబుళ్లు కుర్చీలు రోజూ మారతాయి. త్వరగా మారేదాన్ని నెమ్మదిగా మారేదానిలో పాతేస్తే తర్వాత మార్చాలన్నప్పుడు రెండూ పగలగొట్టాలి. మన దగ్గర సరిగ్గా అదే చేస్తారు, ఇవ్వాళ్టి టేబుల్ లేఅవుట్ చూసి టేబుల్ కాలు ఎక్కడొస్తుందో అక్కడ ఫ్లోర్ కోసి కాండ్యూట్, అంటే వైర్ల పైపు, వేసేస్తారు, ఏడాది తర్వాత టేబుల్ తిప్పాలంటే మళ్లీ కోత.

అలా కాకుండా నాలుగు కాలమ్‌ల మధ్య జాగాని ఒక బే అనుకోండి. ప్రతి బేకి దాని ఏసీ క్యాసెట్ (సీలింగ్‌లో బిగించే ఏసీ) దానికి, దాని లైట్ల సర్క్యూట్ దానికి, సొంత ఫ్లోర్ బాక్సులు (నేలలో ఉండే ప్లగ్, కేబుల్ పాయింట్లు) దానికి, సీలింగ్‌లో వైఫై యాక్సెస్ పాయింట్ పెట్టుకోడానికి ఒక కేబుల్ పాయింట్. అక్కడ ఇప్పుడు టేబుళ్లు ఉన్నాయా గది ఉందా అనే దానితో సంబంధం లేకుండా అన్ని బేలకీ ఒకేలా. అప్పుడు రేపు ఏ బేని గది చేసినా, ఏ గదిని తీసేసి హాల్లో కలిపినా లోపల వైరు ముక్క కూడా కదపక్కర్లేదు. మొదట్లో కాస్త ఎక్కువ ఖర్చే, కానీ మొదటి మార్పు చేసినప్పుడే తేడా తెలుస్తుంది. స్ప్రింక్లర్లు మాత్రం గోడ కట్టిన ప్రతిసారీ చూడాలి, గోడ ఇవతల హెడ్ ఉండి అవతల లేకపోతే ఆ గది కట్టకూడదంతే.

ఫ్లోర్ విషయానికొస్తే పెద్ద టవర్లలో రెయిజ్డ్ ఫ్లోర్, అంటే కింద నుంచి వైర్లు పోయేలా స్లాబ్ పైన ఎత్తులో పరిచే ఫ్లోర్, వేస్తారు, దానికి 100 నుంచి 150 మిల్లీమీటర్ల హైట్ పోతుంది. మీ బిల్డింగ్‌లో బీమ్ కింద 2.7 మీటర్లే ఉందనుకోండి, కింద అది తినేసి పైన ఫాల్స్ సీలింగ్ వేస్తే లోపల నిలబడితేనే ఊపిరాడనట్టు ఉంటుంది. అలాంటప్పుడు స్క్రీడ్‌లో (స్లాబ్ పైన వేసే సిమెంటు పొర) జీఐ రేస్‌వే (వైర్లు పోయే రేకు గొట్టం) వరసలుగా వేసి సమాన దూరాల్లో బాక్సులు ఇచ్చి, పైన కార్పెట్ టైల్స్ వేయండి, 500 బై 500 మిల్లీమీటర్ల టైల్ ఒక్కటి లేపితే బాక్స్ దొరుకుతుంది, నడకల చప్పుడు కూడా తగ్గుతుంది. అలాగే హైట్ తక్కువున్న చోట ఇప్పుడు ఫ్యాషన్ అయిన మెట్ల సీటింగ్ జోలికి పోకండి, పై మెట్టు మీద కూర్చున్నవాళ్ల తల సీలింగ్‌కి తగులుతుంది, వీల్‌చైర్‌లో వచ్చినవాళ్లకి దానివల్ల ఉపయోగమే లేదు.

చప్పుడు గురించి. ఓపెన్ ఆఫీసు పెడితే జనం ఎక్కువ మాట్లాడుకుంటారనే నమ్మకం మీ మేనేజ్‌మెంట్‌కి ఉన్నట్టుంది. 2018లో వచ్చిన ఒక స్టడీ ఉంది, హార్వర్డ్‌కి చెందిన ఇద్దరు, బెర్న్‌స్టీన్, టర్బన్ అని, రెండు పెద్ద కంపెనీలు క్యూబికల్స్ నుంచి పూర్తి ఓపెన్ హాల్‌కి మారేటప్పుడు ఉద్యోగులకి సెన్సర్లు తగిలించి కొలిచారు. ఎదురెదురుగా మాట్లాడుకోవడం దాదాపు 70 శాతం పడిపోయింది, ఈమెయిల్, చాట్ పెరిగాయి. ఆలోచిస్తే ఇందులో ఆశ్చర్యం లేదు, నలభై మంది వింటుండగా పక్కవాళ్లని డౌట్ అడగడానికి ఎవరికైనా మొహమాటమే, అందుకే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పక్క సీటులో ఉన్నవాళ్లకే మెసేజ్ కొడతారు. కొత్తగా చేరిన పిల్లలకైతే ఇంకా కష్టం, తప్పు ప్రశ్న అడిగితే అందరూ వింటారేమోనని అసలు అడగరు. తలుపు మూసుకుని మాట్లాడుకునే చోటు ఇస్తేనే జనం నోరు విప్పుతారు.

పైగా హైబ్రిడ్‌లో ఇంకో సంగతి ఉంది, ఆఫీసుకొచ్చిన 54 మంది కూడా ఇంట్లో ఉన్న 36 మందితో కాల్స్‌లోనే ఉంటారు, అంటే 2015లో చేసిన ఆఫీసు కన్నా ఇప్పుడు చేసే ఆఫీసులో కాల్స్ చాలా ఎక్కువ. అందుకే పది మందికి ఒకటి చొప్పున బూత్‌లు చెప్పాను. బూత్ లోపల చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ తప్పనిసరి, అది లేకపోతే ఏప్రిల్‌లో పది నిమిషాలకే చెమటలు పట్టి బయటికొచ్చి కారిడార్‌లో మాట్లాడతారు.

మీటింగ్ రూమ్ గోడలు ఫాల్స్ సీలింగ్ దాకా ఆపేయకుండా పైన స్లాబ్ దాకా కట్టించండి. కాంట్రాక్టర్ ఒప్పుకోడు, ఏసీ రిటర్న్ గాలి ఎలా పోతుందంటాడు, దానికి లోపల చప్పుడు పీల్చే లైనింగ్ ఉన్న డక్ట్ ముక్క పెడితే సరిపోతుంది. ఈ ఒక్కటి చేయకపోతే ఎంత మందం గ్లాస్ పెట్టినా మాటలు సీలింగ్ పైనుంచి పక్క గదిలోకి వెళ్లిపోతాయి. గ్లాస్ తలుపు కింద సందుకి డ్రాప్ సీల్ (తలుపు మూయగానే కిందికి దిగి సందు మూసే పట్టీ) పెట్టించండి. ఇంక సీలింగ్ తీసేసి డక్టులు కనపడేలా నల్లరంగు కొట్టే స్టైల్ కావాలంటే చేస్కోండి, కానీ కాంక్రీటు స్లాబ్, గ్లాస్, విట్రిఫైడ్ టైల్ మూడూ కలిస్తే హాలంతా ప్రతిధ్వనే, చప్పుడు పీల్చుకునే వేలాడే పలకలకి, అంటే అకౌస్టిక్ బాఫిల్స్‌కి, డబ్బు పక్కన పెట్టుకునే ఆ పని మొదలుపెట్టండి.

మూవబుల్ పార్టిషన్ల ప్రశ్నకి ఇప్పుడు రావచ్చు. పైన ట్రాక్‌కి వేలాడే మంచి ఆపరబుల్ వాల్ అంటే బరువు చాలా ఉంటుంది, స్లాబ్ నుంచి స్టీల్ దింపాలి, జిప్సమ్ గోడకన్నా ఎన్నో రెట్లు ఖరీదు, మడిచినప్పుడు ఆ పలకలు పెట్టడానికి మళ్లీ జాగా కావాలి. మొదటి నెల అందరూ ఉత్సాహంగా జరుపుతారు, తర్వాత దాని హ్యాండిల్ అడ్మిన్ దగ్గర ఉంటుంది, అడ్మిన్ లంచ్‌కి వెళ్లారు, ఎందుకులే అని అలాగే వదిలేస్తారు. రాబర్ట్ ప్రాప్స్ట్ అనే ఆయన హెర్మన్ మిల్లర్‌ అనే అమెరికన్ ఫర్నిచర్ కంపెనీ కోసం 1968లో యాక్షన్ ఆఫీస్ 2 అని తెచ్చినప్పుడు ఉద్దేశం ఇదే, పని మారినప్పుడల్లా ప్యానెళ్లని వెడల్పు కోణాల్లో తిప్పుకుంటారని. కంపెనీలు ఎక్కువమందిని కుక్కడానికి వాటినే చదరం డబ్బాలు చేసేశాయి, అవే మనకి తెలిసిన క్యూబికల్స్. జాగా ఇరుకైనకొద్దీ కదిలే వస్తువు కూడా కదలడం మానేస్తుంది, మాదాపూర్ రెంట్లలో ఈ సంగతి మరింత గుర్తుపెట్టుకోవాలి. మీ ఫ్లోర్‌లో ఆపరబుల్ వాల్‌కి పనికొచ్చే చోటు ఒక్కటే, పన్నెండు మంది మీటింగ్ రూమ్‌కీ లంచ్ ఏరియాకీ మధ్య.

ఆ లంచ్ ఏరియా మీద మాత్రం పిసినారితనం వద్దండి. ఆర్కిటెక్ట్ కొలాబరేషన్ జోన్ అని బీన్ బ్యాగులు వేసి, గోడకి గ్రీన్ టర్ఫ్ అతికించిన చోట ఎవరూ కూర్చోరు. మన ఆఫీసుల్లో టెస్టింగ్ వాళ్లు, సేల్స్ వాళ్లు, అకౌంట్స్ వాళ్లు ఒకే బల్ల దగ్గర చేరేది టిఫిన్ బాక్సులు తెరిచినప్పుడు. ఒకరి గోంగూర, ఇంకొకరి పప్పుచారు పంచుకుంటూ "ఆ క్లయింట్ ఇలా అంటున్నాడు" అని మొదలయ్యే మాటలోంచి పని ముందుకెళ్లడం నేను ఎన్ని ఆఫీసుల్లో చూశానో. కాబట్టి ఎనిమిది పది మంది కూర్చునే పొడుగు బల్లలు వేయండి, ఇద్దరిద్దరు కూర్చునే కేఫ్ టేబుళ్లు కాదు. ఈ బల్లలకి మాత్రం చక్రాలు పెట్టండి, మడిచి పక్కకి తోస్తే అక్కడే టౌన్‌హాల్, అక్కడే దసరా పూజ, అక్కడే బతుకమ్మ ఆడతారు, మీటింగ్ రూమ్ వైపు గోడ తీస్తే ఫ్లోర్‌లో ఉన్న అరవై మందీ నిలబడి వినొచ్చు.

లంచ్ ఏరియా ఎక్కడ పెట్టాలంటే, లోపలికొచ్చే దారిలో, అందరూ రోజూ దాటి వెళ్లేలా. ఎంఐటీలో థామస్ అలెన్ అనే ప్రొఫెసర్ ఇంజనీర్ల మీద చేసిన పరిశోధన 1977లో పుస్తకంగా వచ్చింది, ఇద్దరి సీట్ల మధ్య దూరం పెరిగేకొద్దీ మాట్లాడుకోవడం వేగంగా పడిపోతుందని, 50 మీటర్లు దాటితే దాదాపు లేనట్టేనని చూపించాడు. మీ ఫ్లోర్‌లో దూరం సమస్య లేదు, కానీ దారులు వేరైతే అంతే సంగతి. ఒక ఇబ్బంది ఏంటంటే ప్యాంట్రీ ఎక్కడ రావాలో నిజానికి మీ ఇష్టం కాదు, నీళ్లు, డ్రైనేజీ షాఫ్ట్ (పైపులు కిందికి దిగే నిలువు సందు) ఎక్కడుంటే దాని దగ్గరే రావాలి, దూరం తీసుకెళ్తే పైపుకి వాటం ఇవ్వడానికి ఫ్లోర్ లేపాలి, లీకైతే కింద ఫ్లోర్ వాళ్లతో గొడవ. అందుకే ప్లాన్ గీయడం షాఫ్ట్ దగ్గర్నుంచే మొదలుపెట్టమంటాను, ప్యాంట్రీ స్థానం ఖాయం చేసి మిగతాదంతా దాని చుట్టూ. చేతులు కడుక్కోడానికి రెండు వాష్ బేసిన్లు విడిగా పెట్టండి, గిన్నెలు కడిగే సింక్‌లోనే అందరూ చేతులు కడిగితే రెండు గంటలకి అది చూడలేం. ఎగ్జాస్ట్ గట్టిది పెట్టండి, చేపల పులుసు వాసన డెస్కుల దాకా వస్తే మర్నాటి నుంచి ఎవరేం తేవాలో మెయిల్స్ మొదలవుతాయి, కలిపే చోటే మనుషుల్ని విడగొడుతుంది.

గాలి గురించి ఎవరూ అడగరు, మీరూ అడగలేదు. క్యాసెట్ ఏసీలు లోపలి గాలినే చల్లబరిచి మళ్లీ వదులుతాయి, బయటి గాలి ఒక్క చుక్క తేవు. అమెరికన్ ఏసీ ఇంజనీర్ల సంఘం ఆశ్రే పెట్టిన 62.1 స్టాండర్డ్ ప్రకారం ఆఫీసుకి మనిషికి 5 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపుటడుగులు), ఎస్‌ఎఫ్‌టీకి 0.06 సీఎఫ్‌ఎం ఫ్రెష్ ఎయిర్ కావాలి, 60 మందికి 300, 4,200కి 252, మొత్తం 552. ఫిల్టర్ ఉన్న ఒక ఫ్రెష్ ఎయిర్ యూనిట్, గదులన్నిటికీ డక్ట్, అంతే. ఇది లేని మీటింగ్ రూమ్‌లో పది మంది గంట కూర్చుంటే కార్బన్ డయాక్సైడ్ బయటున్న 420 పీపీఎం నుంచి 1,000 దాటి పైకి పోతుంది, మధ్యాహ్నం మీటింగుల్లో అందరూ ఆవులించేది భోజనం వల్ల మాత్రమే కాదు. చిన్న మీటర్ కొనుక్కుని మీరే చెక్ చేస్కోవచ్చు.

రూల్స్‌లో రెండు మర్చిపోకండి. 50 మంది, అంతకన్నా ఎక్కువ ఉన్న సంస్థకి 2017 నుంచి క్రెష్ (ఉద్యోగుల చిన్నపిల్లల్ని చూసుకునే చోటు) సౌకర్యం తప్పనిసరి, మీ ఫ్లోర్‌లోనే ఉండక్కర్లేదు, దగ్గర్లో పక్క కంపెనీలతో కలిసి ఏర్పాటు చేస్కోవచ్చు, మీ వీధిలో మిగతా ఫ్లోర్ల వాళ్లతో ఇప్పుడే మాట్లాడండి. రెండోది వీల్‌చైర్, తలుపులు 900 మిల్లీమీటర్లు క్లియర్‌గా, మలుపుల దగ్గర 1500 ఖాళీ. తర్వాత చేద్దాం అనుకుంటే గోడలన్నీ మళ్లీ కదపాలి.

ఏడాదికి మూడు నాలుగుసార్లు అవసరమయ్యే ట్రైనింగ్ హాల్ మీ ఫ్లోర్‌లో కట్టొద్దు. ఇరుకు సిటీలో ఉన్నందుకు ఉన్న లాభమే అది, బయట అద్దెకి దొరుకుతుంది, రాయదుర్గంలో 2022లో మొదలైన టీ-హబ్ కొత్త బిల్డింగ్ దగ్గర్నుంచి కోవర్కింగ్ సెంటర్లు, హోటల్ హాళ్ల దాకా రోజు లెక్కన తీసుకోవచ్చు. 2019లో మెట్రో హైటెక్ సిటీ, రాయదుర్గం దాకా వచ్చాక ఎల్‌బీ నగర్, ఉప్పల్ నుంచి వచ్చేవాళ్లకి కార్ పార్కింగ్ కన్నా స్టేషన్ నుంచి షటిల్ ఎక్కువ పనికొస్తుంది. పార్కింగ్ స్లాట్లు ఎక్స్‌ట్రా కొనే డబ్బు అటు మళ్లించడం గురించి కూడా ఆలోచించండి.

డబ్బు ఖర్చుపెట్టే వరస నా లెక్కలో ఇలా ఉంటుంది: సర్వీసులు, అకౌస్టిక్స్, కుర్చీలు, లంచ్ ఏరియా, చివర్లో రిసెప్షన్ గోడ, లోగో. బడ్జెట్‌లో పది శాతం ఖర్చుపెట్టకుండా పక్కన పెట్టి, జనం వచ్చి మూడు నెలలు కూర్చున్నాక, ఏ గది ఎప్పుడూ బుక్ అయి ఉంటోంది, ఏది ఖాళీ అని చూసి అప్పుడు వాడండి. లీజులో రిస్టోరేషన్ క్లాజ్ చదివారా? ఖాళీ చేసేటప్పుడు మొదట్లో ఎలా ఉందో అలా చేసివ్వాలని ఉంటే ఆ కూల్చివేత ఖర్చు మీదే, లాక్ ఇన్, అంటే ఖాళీ చేయకూడని గడువు, మూడేళ్లే అయితే ఫ్లోర్ బాక్సులు, రేస్‌వే ఓనర్‌కే వదిలేసేలా ఇప్పుడే రాయించుకోండి, సాధారణంగా ఒప్పుకుంటారు, తర్వాత వచ్చే టెనెంట్‌కి కూడా పనికొస్తాయి కాబట్టి.

ఫ్లోర్ ప్లాన్ ఉంటే పెట్టండి, దాంతో పాటు బీమ్ కింద హైటు, డ్రైనేజీ షాఫ్ట్ ఎక్కడుంది, పడమర వైపు గ్లాస్ ఎంత ఉంది, ఓనర్ ఏసీ ఇస్తున్నాడా మీరే వేస్కోవాలా, ఈ నాలుగూ రాయండి, చూసి గదులు ఏ వైపు రావాలో చెప్తాను.